పేపరాయన

"నెత్తళ్లన్నీ ఎత్తెయ్, తాతమ్మా. ఒక్కటి కూడా కనపడకూడదు," అన్నాడు ప్రసాద్.

తాతమ్మ బుట్ట పట్టుకుని అలాగే నిలబడింది.

"చేప ఎండడానికే గదండీ ఇందులో పోశాం?"

"మధ్యాహ్నం ఢిల్లీ కమిటీ వస్తోంది. తలుపు తియ్యగానే కంపు కొడితే లోపలికి అడుగు పెడతారా?"

పల్లెలో దాన్ని అద్దాల కొట్టు అంటారు. కాగితాల్లో పేరు సోలార్ డ్రైయర్. పైన అద్దాలు, లోపల జల్లెడ తట్టలు. ఎండ వేడికే చేప ఎండుతుంది. ఇసక అంటదు, ఈగ వాలదు, వాన తడపదు. కేంద్ర ప్రభుత్వం పరిశోధనకిచ్చిన నిధులతో, నాగాయలంక అవతల ఈ పల్లెలో నమూనాగా కట్టారు. కమిటీ సరేనంటే ఉంటుంది. కాదంటే ఊడదీసి పట్టుకుపోతారు.

అది రాకముందు ముసురు పట్టిందంటే ఇసకలో పోసిన చేప పురుగు పట్టేది. "కోళ్ళ మేతకి తప్ప ఎందుకూ పనికిరాదు," అని షావుకారు తనకి తోచిన రేటు కట్టేవాడు. తాతమ్మ నోరెత్తేది కాదు. కొట్టు వచ్చాక, పోయిన వానల్లో మాత్రం, "ఇస్తే ఇయ్యి, లేకపోతే పో," అంది షావుకారుని. జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు.

అందుకే ఇప్పుడు ప్రసాద్ ఎత్తమంటే ఎత్తింది. అతనిది గుడివాడ. డ్రైయర్ని చూసుకునే సంస్థలో ఉద్యోగి. కమిటీల సంగతి అతనికి తెలుస్తుంది, తనకేం తెలుసు?

బుట్టలు తాతమ్మ ఇంట్లోకి చేరాయి. తట్టలు కడిగారు. ఫినాయిలు చల్లారు. తలుపుకి బంతిపూల దండ కట్టారు.

"పెళ్ళికూతురల్లే ఉంది," అంది పక్కింటి ప్రభావతి. "లోపల పెళ్ళికొడుకే లేడు."

ఆడవాళ్ళు నవ్వారు. ప్రసాద్ నవ్వలేదు.

"పేపరోళ్ళు ముందే వచ్చి కూపీ లాగుతారు. ఏమడిగినా చేపల్లేవు, కంపు లేదు అనండి. అంతకు మించి మాట్లాడొద్దు."

కమిటీకి ఎదురెళ్ళడానికి మోటారు సైకిలెక్కి అవనిగడ్డ వెళ్ళాడు.

కాసేపటికి ఎర్రబస్సు వచ్చి ఆగింది. ఒకాయన దిగాడు. అరవై దాటిన మనిషి. కాళ్ళకి రబ్బరు చెప్పులు. చంకలో మడత పెట్టిన పేపరు.

తాతమ్మ ముందు చూసింది ఆ పేపరునే.

"పేపరాయన వచ్చాడే," అంది ప్రభావతితో, గొంతు తగ్గించి.

ఆయన తిన్నగా కొట్టు దగ్గరికి వచ్చి తలుపు తీశాడు. తట్ట మీద వేలు రాసి వాసన చూసుకున్నాడు.

"ఫినాయిలా? చేపలేవమ్మా?"

"లేవండి."

"ఇవాళ పొయ్యలేదా?"

"ఎప్పుడూ పొయ్యం. కంపు కొడతది."

"మరి ఎక్కడ ఎండబెడతారు?"

తాతమ్మ ఇసక వైపు చెయ్యి చూపించింది.

ఆయన కాసేపు ఇసకనే చూశాడు.

"ఇందులో ఎండిన నెత్తల్లి ఒక్కటుంటే ఇవ్వమ్మా. ఎవరింట్లోనైనా ఉందేమో చూడు."

"లేదంటే ఇనపడదా అండీ?"

ఆయన గాలి పీల్చాడు. తాతమ్మ ఇంటి తలుపు పక్కనే ఉంది.

"వాసన వస్తోందే?"

"అది సముద్రం వాసన."

"మీ పేపర్లో అదే రాసుకోండి!" అంది ప్రభావతి.

ఆయనకి అర్థం కాలేదు. చంకలో పేపరు తీసి ఇటూ అటూ చూశాడు. మళ్ళీ మడిచాడు.

"మీక్కావలసింది ఇది కాదేమోలే అమ్మా," అన్నాడు, కొట్టు వైపు చూసి.

అదే బస్సు తిరిగి వెళ్తుంటే ఎక్కాడు.

మధ్యాహ్నం జీపుల కంటే ముందే ప్రసాద్ వచ్చాడు. తాతమ్మ ఎదురెళ్ళింది.

"పేపరాయన వచ్చాడండీ. ఉత్త చేతుల్తో తోలేశాను."

"శభాష్!" అన్నాడు ప్రసాద్.

జీపుల్లోంచి అందరూ దిగలేదు. దిగిన పెద్దాఫీసరు కొట్టు తలుపు దగ్గర్నుంచే తొంగి చూశాడు. బంతిపూల దండ నెత్తికి తగిలింది.

"పొద్దున్న మా మనిషి వచ్చి చూశారు. మీరు దీన్ని వాడడం లేదట. వచ్చే వారం విప్పి వేరే చోటికి పంపిస్తాం."

తాతమ్మ ఇంట్లోకి పరుగెత్తి బుట్ట తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

"వాడకపోవడమేంటండీ? ఇయ్యన్నీ ఇందులో ఎండినయ్యే!"

"ఇప్పుడు కొనుక్కొచ్చారా?" అన్నాడు ఆఫీసరు. జీపులో ఎవరో నవ్వారు.

"ప్రసాదుగారూ, మీరు చెప్పండి. ఎత్తెయ్యమంది మీరే గదా."

ప్రసాద్ ఆఫీసరు ముఖం చూశాడు.

"నేనెప్పుడన్నాను, తాతమ్మా?"

ఆఫీసరు జీపెక్కాడు. ప్రసాద్ మోటారు సైకిల్ స్టార్ట్ చేశాడు.

వెనక జీపు డ్రైవరు మాత్రం బుట్ట దగ్గర ఆగాడు. ఒక నెత్తల్లి తీసి విరిచాడు. పటుక్కుమంది. నోట్లో వేసుకుని నమిలాడు.

"ఒక్క ఇసక రేణువు లేదే," అన్నాడు.

"బాబూ, మా మీద చెప్పింది ఆ పేపరాయనేనా?"

"పేపరాయనేంటమ్మా? ఈ కొట్టు కనిపెట్టిన సైంటిస్టు ఆయన. మీవాళ్ళు ఇందులో చేప పొయ్యరని కమిటీ అంతా అంటుంటే, పోస్తారు, ఎండిన చేప ఒకటి తెచ్చి వాళ్ళ బల్ల మీద పెడతానని పట్టుబట్టింది ఆయనొక్కడే; చుట్టి తేవడానికి ఆ పేపరు పొద్దున్న నేనే ఇచ్చాను."