ఎడమవైపు కుర్చీలు

“ఈ స్తంభం ఇక్కడ పెట్టినవాడి బుర్రలో ఉన్నది కూడా కాంక్రీటే!” దర్శకుడు పళ్ళు నూరాడు.

“నిజమే. శుద్ధ మొద్దు,” అన్నాడు సెట్టు వేయడానికి కొత్తగా వచ్చిన పెద్దాయన, టేపుతో ఆ స్తంభాన్నే కొలుస్తూ.

వేదిక ఎడమ అంచున, సరిగ్గా చూపుకి అడ్డంగా ఉంటుందది. ఏ నాటకం ఆడినా ఎడమవైపు జనం మధ్యలోనే లేచిపోతారు. ఈసారీ లేచిపోతే ఇక హాలు ఇచ్చేది లేదని కమిటీ తేల్చి చెప్పేసింది.

“నల్లగుడ్డ చుట్టెయ్యండి బాబాయ్, కనబడదు,” అంది తల్లి వేషం వేసే నటి.

“కనబడకేం తల్లీ, సంతాపం తెలుపుతున్నట్టు కనబడుతుంది.”

వారం తిరక్కుండా పెద్దాయనే నాటకానికి పోస్టరు గీసి తెచ్చాడు. నట్టనడుమ నిలువునా స్తంభం. దాన్ని ఆనుకుని, కూతురి కోసం ఎదురుచూస్తున్న తల్లి.

దర్శకుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. “దాన్ని దాచవయ్యా అంటే వీధివీధినా అంటిస్తావా? అసలు నువ్వు సెట్లు వేసేవాడివేనా?”

“ఇదే మొదటిది. ఇదివరకు ఇళ్ళు కట్టేవాణ్ణి.”

ఏం ఇళ్ళో ఎవరూ అడగలేదు.

“ఇన్నాళ్ళూ మీ నాటకాల్లో ఇంటి సెట్టు జనానికి ఎదురుగా నిలబెట్టారు. మూలగా తిప్పుదాం. స్తంభం వసారాది అయిపోతుంది. దాని చుట్టూ అరుగు వేసి, వేదిక దాటించి జనంలోకి తెద్దాం. కథంతా అరుగు మీదే.”

“కూలితే?”

“నేను కట్టినవి అడ్డం పడతాయేమో గానీ, కూలవు.”

నాటకం రోజు నటి స్తంభాన్ని ఆనుకుని కూర్చుంది. ఎడమవైపు జనానికి చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ఒక్క కుర్చీ కిర్రుమనలేదు.

కుడివైపు ఒకావిడ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. “అటు కూర్చుందామంటే విన్నావూ?”

చివర్లో కూతురు గుమ్మంలోకి రాగానే ఆ తల్లి స్తంభం వదిలి పరుగెత్తింది.

ఎడమవైపు మొత్తం ఒక్కసారిగా లేచింది.

“పోయింది, హాలు పోయింది!” దర్శకుడు తల పట్టుకున్నాడు.

లేచినవాళ్ళు కదల్లేదు. అరచేతులు వాచేలా చప్పట్లు కొట్టారు. కమిటీ పెద్ద వేదికెక్కి, వచ్చే ఏడాదికి పన్నెండు తేదీలు అక్కడికక్కడే ప్రకటించాడు.

“పెద్దాయన ఏడయ్యా? వాటేసుకోవాలి!” దర్శకుడు హాలంతా వెతికాడు.

“తెర పడగానే వెళ్ళిపోయారండి,” అన్నాడు హాలు కాపలాదారు.

“మళ్ళీ ఎప్పుడొస్తాడు?”

“ఇంక రారండి, ఆయన పని అయిపోయిందట. నాటకం అయ్యేదాకా మీకు చెప్పొద్దన్నారు గానీ, ముప్పై ఏళ్ళ కిందట ఈ హాలుకి ప్లాను గీసి ఆ స్తంభాన్ని అక్కడ పెట్టింది ఆయనేనండి.”