ముంజేతి మీద నంబరు

"రుద్దకు సుభద్రా! అద్దాలి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆంజనేయరాజు భార్య చేతిలోంచి తువ్వాలు లాక్కుని, ఆవిడ ముంజేతిని తనే మెల్లగా అద్దాడు. ట్యూబులోంచి ఆయింట్‌మెంటు వేలి చివరికి తీసుకుని పచ్చబొట్టు మీద పల్చగా రాశాడు. పువ్వూ కాదు, దేవుడి బొమ్మా కాదు. ఆయన సెల్‌ఫోన్ నంబరు.

"ఇందాకే..." అని ఏదో అనబోయి సుభద్రమ్మ ఊరుకుంది.

ఆయనా రెట్టించలేదు. మరుపున్న మనిషితో వాదన పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట చెప్పినప్పుడు ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. ఇద్దరూ తలూపారు.

రొయ్యల చెరువులు కౌలుకిచ్చేసి పిఠాపురంలో స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో ప్రతి సందూ తెలుసు. అలాంటిది కిందటి నెల కుక్కుటేశ్వరుడి గుడి దగ్గర సుభద్రమ్మ తప్పిపోయింది. ఆయన కొబ్బరికాయ కొనుక్కుని వచ్చేసరికి మనిషి లేదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఉప్పాడ సముద్రం దాకా వెళ్ళాడు. చివరికి ఎవరో కానిస్టేబులు ఆయన్ని మోటారు సైకిల్ మీద ఇంటికి తెచ్చి దింపితే, ఆవిడ అరుగు మీదే కూర్చుని ఉంది. ఎలా వచ్చావే అంటే చెప్పదు. ఒకటే ఏడుపు.

ఈ పచ్చబొట్టు ఉపాయం కూతురు హారతిది. చేతి మీద ఫోన్ నంబరు పొడిపించేస్తే, ఎక్కడ తప్పిపోయినా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

"మీరూ వేయించుకుంటేనే నేను వేయించుకుంటాను," అని సుభద్రమ్మ మొండికేసింది.

"నాకెందుకే?"

"నాకు తోడు."

పిచ్చిది, భయపడుతోంది అనుకున్నాడు. సరేనన్నాడు.

కాకినాడ షాపులో ముందు ఆవిడే కర్టెన్ వెనక్కి వెళ్ళింది. ఇలా వెళ్ళి అలా వచ్చేసింది. కిక్కురుమనలేదు. తర్వాత ఆయన వంతు. చేతి మీద ఆవిడ నంబరు పడేసరికి ఆయనకి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆడవాళ్ళ ఓర్పే వేరు అనుకున్నాడు.

అప్పటి నుంచీ ఇంట్లో పథ్యం. వంకాయ లేదు, గోంగూర లేదు. రొయ్యల మీద బతికిన ఇంట్లో రొయ్యపొట్టు వాసన కూడా లేదు. పక్కింటి చిట్టెమ్మ పసుపు నూరి తెస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపాడు.

"పసుపు పూస్తే అంకెలు కనపడతాయా అమ్మా? రేపు మనిషి తప్పిపోతే నువ్వెళ్ళి వెతుకుతావా?"

చిట్టెమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆయన చేతికి పక్కు కట్టింది. దురద పెట్టింది. ఎక్కడ గోకేస్తాడోనని సుభద్రమ్మ పక్కనే కాపలా కూర్చునేది.

"నాది ఎలా ఉంటే ఏంటే? నీది చూసుకో," అని విసుక్కునేవాడు.

పక్కు రాలింది. కింద అంకెలు నల్లగా, గట్టిగా నిలిచాయి.

ఆవిడది అలా కాదు. పక్కు లేదు, దురద లేదు. ఆయన ఎంత శ్రద్ధగా ఆయింట్‌మెంటు రాస్తే అంతగా వెలిసిపోయింది. ముందు చివరి అంకె పోయింది. తర్వాత మధ్యవి పోయాయి. ఓ రోజు పొద్దున్న చూస్తే చెయ్యి ఖాళీ.

ఆంజనేయరాజు ఆ చేతిని వెలుతురులోకి తిప్పి తిప్పి చూశాడు.

"పోతే పోయిందిలెండి," అంది సుభద్రమ్మ, సగం గ్లాసు కాఫీ అందిస్తూ. పొద్దున్నే కాఫీ ఇవ్వడం కూడా మర్చిపోతుంది. గుర్తు చేస్తే మారు మాట్లాడకుండా సగం గ్లాసు తెచ్చిస్తుంది. తన ప్రాణం మీదికొచ్చిందని కూడా తెలియని మనిషి!

ఈ మధ్య ఆవిడ గేటుకి పగలు కూడా తాళం వేస్తోంది. ఎందుకంటే చెప్పదు. అదీ జబ్బే అయ్యుంటుంది. ఆ రోజు పాలవాడు వెళ్ళాక వెయ్యడం మర్చిపోయింది. ఆవిడ స్నానానికి వెళ్ళగానే ఆయన చొక్కా తొడుక్కుని కాకినాడ బస్సెక్కేశాడు. ఫోను చార్జింగులోనే ఉండిపోయింది.

"ఇక్కడ పచ్చబొట్లు వేసే అమ్మాయి ఏదమ్మా?"

"నేనేనండి, సారికని. కూర్చోండి అంకుల్ గారూ."

ఈ అమ్మాయి కాదేమో అనిపించింది. ఈ కాలం పిల్లలు పూటకో రకంగా జుట్టు దువ్వుకుంటారు. పోల్చుకోవడం కష్టం.

"మీ పనేం బాలేదమ్మా. మా ఆవిడ చేతి మీద ఒక్క అంకె మిగల్లేదు."

"అయ్యో. ఎండ తగిలిందేమోనండి?"

"వీధి గుమ్మం దాటనిస్తేనా!"

"పసుపు గానీ రాశారాండి?"

"తెచ్చినావిణ్ణి గుమ్మంలోంచే పంపేశాను. ఇప్పుడేం చెయ్యమంటావు? అసలే మరుపు మనిషి. ఈ పాటికి ఏ రోడ్డున పడి తిరుగుతోందో! నేను ఒక్క పూట దగ్గర లేకపోతే..."



సారిక ఫ్యాను ఆయన వైపు తిప్పింది. చక్కెర లేని టీ తెప్పించింది. తనకి చక్కెర పడదని ఈ పిల్లకి ఎప్పుడు చెప్పాడో గుర్తు రాలేదు. తెలివైన పిల్ల, మొహం చూసి కనిపెట్టేసింది అనుకున్నాడు.

"ఏదండీ, మీ చెయ్యోసారి చూపించండి."

"నాది లక్షణంగా ఉందమ్మా. చెడింది ఆవిడది."

"ఒక్కసారి చూస్తానండి."

ఆయన విసుగ్గా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. సారిక ఆ అంకెలు చూసుకుంటూ ఒక్కొక్కటే తన ఫోనులో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏడవకండి ఆంటీ గారూ, అంకుల్ గారు దొరికారండి, మీ చేతికి నేను అంటించిన స్టిక్కరు ఊడిపోయిందని దెబ్బలాడ్డానికి మా షాపుకే వచ్చారు."