నరేశ్ అడిగిన లినక్స్

ఆటో దిగిన మనిషి సీపీయూను చంకన పెట్టుకుని యూనుస్ కంప్యూటర్ దుకాణంలోకి వచ్చాడు. నున్నటి గుండు. పంచె అంచు ఇంకా తడిగానే ఉంది.

యూనుస్‌కు మాట్లాడకుండా పని చేయడం చేతకాదు. వేములవాడ మొక్కు తీర్చుకుని వస్తున్నారా అని పలకరించాడు. ఆయన అవుననలేదు, కాదనలేదు. పేరు మాత్రం చెప్పాడు, బుచ్చిరాములు. ఊళ్లో ఎరువుల దుకాణమట.

"దీంట్ల లినక్స్ వెయ్యాలె భాయ్. నల్ల పిట్ట బొమ్మ ఉంటదట గదా, గది."

అది ఎగరని పిట్ట, దాన్ని పెంగ్విన్ అంటారని యూనుస్ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

యూనుస్ ఆన్ చేసి చూశాడు. విండోస్ ఉంది. కాస్త నిదానమే గానీ నడుస్తోంది. లినక్స్ వేస్తే దుకాణం లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోతాయని, ఆ లెక్కల ప్రోగ్రాం ఇక నడవదని చెప్పాడు. అయినా ఇది ఎవరికి కావాలన్నాడు.

"మా కొడుకు నరేశ్ అడిగిండు."

ఏడాది పాటు అడిగాడట. అందరిళ్లలో ఉన్నదే మన ఇంట్లోనూ ఉండాలి, నీ తెలివి నా లెక్కల మీద చూపించకు అని ఈయన కసిరేవాడట. సీజన్ అయిపోనీ అని ఒకసారి, పత్తి అమ్ముడుపోనీ అని ఒకసారి వాయిదా వేశాడట. ఎవరి ఇంటి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు.

యూనుస్ ఇలాంటి తండ్రులను చాలామందినే చూశాడు. అలిగిండా అని అడిగాడు.

"పొద్దటి సంది ముద్ద ముట్టలే. వాడు ముట్టకుంటే మేమెట్ల తింటం?"

యూనుస్‌కు నవ్వొచ్చింది. అంత మొండివాడా అనుకున్నాడు.

"వేపిస్తనని చెప్పున్రి చాచా, తింటడు. రేపు తీరుబడిగ వేస్త."

"చెప్పిన. మాట నమ్ముతలేడు. ఏడాది సంది మాటనే చెప్పిన గదా."

ఇక యూనుస్ చేతిలో పని పక్కన పెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. ఉన్నదంతా తుడిచేయమంటారా అని తెర అడిగింది. యూనుస్ ఆయన వైపు చూశాడు.

"పోనీ," అన్నాడు బుచ్చిరాములు.

మధ్యలో బుచ్చిరాములుకు బావ లచ్చయ్య ఫోన్ చేశాడు. ఎండ ముదిరిందని, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారని, చుట్టాలు లేచి వెళ్లిపోయేలా ఉన్నారని అన్నాడు. బుచ్చిరాములు అయితుందని పెట్టేశాడు. స్టూలు చూపించినా కూర్చోలేదు. తెర మీద పాకుతున్న గీతనే చూస్తూ నిలబడ్డాడు.

చివరికి, వాడే మనిషి పేరేమిటని కంప్యూటర్ అడిగింది.

"నరేశ్ అని పెట్టు."

పాస్‌వర్డ్ వద్దన్నాడు.

తెర నీలంగా తెరుచుకుంది. మధ్యలో నరేశ్ పేరు. బుచ్చిరాములు దాన్ని వేలితో ఒకసారి ముట్టుకున్నాడు. ఇక కొడుకు కడుపు నిండినట్టేనని యూనుస్ సంబరపడ్డాడు.

బుచ్చిరాములు ఫోన్ కలిపాడు.

"బావా, వేసిన్రు. వాని పేరు గూడ వచ్చింది. జర గట్టిగ చెప్పు, వానికి ఇనపడాలె."

అవతల లచ్చయ్య గోదారి ఒడ్డున గొంతెత్తి అరవడం యూనుస్‌కూ వినిపించింది. బుచ్చిరాములు ఫోన్‌ను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.

"పిండం కాడికి గిప్పుడన్న కాకి వచ్చిందా బావా?"