పద్దెనిమిదేళ్ళ తేడా

“ఎంత తేడా?” అడిగాడు మొహిద్దీన్.

“పద్దెనిమిదేళ్ళు చాచా.”

మీరా మొహిద్దీన్ కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. తెనాలి నాటకాలవాళ్ళకి యాభై ఏళ్ళపాటు రంగు వేసిన చెయ్యి. ఇప్పుడు పిలిచేవాళ్ళు లేరు. మేకప్ పెట్టె తెరిచి ఏడాది దాటింది.

ఎదుటి కుర్చీలో ఆసిఫ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మార్కెట్ వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం అతనిది. మొహిద్దీన్ పెట్టుకున్న జోడు కూడా అక్కడిదే.

“రిహానా గారు కూడా జోడు కోసమే వచ్చారు. బాపట్లలో హిందీ టీచరు.”

“పెళ్ళి చేసుకుంటానంటున్నావు. ఇంకా ‘గారు’ ఏంటయ్యా?”

“అలవాటైపోయింది.”

ఇద్దరికీ పాత హిందీ సినిమాలంటే ఇష్టం. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అతను ఇక్కడ తన గదిలో, ఆమె అక్కడ తన ఇంట్లో, ఒకే సినిమా ఒకేసారి మొదలుపెడతారు. ఫోను తెరిచే ఉంటుంది. సినిమా అయిపోయాక కూడా పెట్టేయరు. అక్కడి ఫ్యాను చప్పుడు ఇతనికి, ఇక్కడి ఫ్యాను చప్పుడు ఆమెకి వినిపిస్తూ ఉంటుంది. చివరికి ఎవరో ఒకరు “అన్నం తినాలి” అంటారు. ఎవరింట్లో వాళ్ళు ఒక్కరే తింటారు.

అలా ఏడాది గడిచాక, పోయిన నెలలో, బాపట్ల స్టేషన్ బెంచీ మీద మొదటిసారి పక్కపక్కన కూర్చున్నారు. పల్లీలమ్మే ఆవిడ ఇద్దర్నీ పట్టి పట్టి చూసింది.

“ముక్కులు ఒకటేనమ్మా మీకు! ఏమవుతారో అడక్కుండానే తెలిసిపోయింది” అని తనే ఒక వరస కలిపేసింది. పొట్లం చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

రిహానా పల్లీలు తినలేదు. పొట్లం బెంచీ మీదే వదిలేసి, బయట కనపడిన మొదటి ఆటో ఎక్కింది.

“ఇవాళ రెండు గంటల రైలుకి వెళ్తున్నా. అదే బెంచీ. ఇంకొక్కసారి ఎవరైనా ఆ మాట అంటే ఆదివారాలు కూడా వద్దన్నారు” అన్నాడు ఆసిఫ్. “ఆ తేడా కనపడకుండా చెయ్యండి చాచా.”

మొహిద్దీన్ నవ్వాడు.

“ఆ సినిమాల్లో చూళ్ళేదూ? హీరోకి యాభై దాటేది. పక్కన పిల్లకి ఇరవై. పుస్తకాలు పట్టుకుని కాలేజీకి పరిగెత్తేవాడు. హాల్లో ఒక్కడైనా అడిగాడా? ఈలలు వేశాం!”

“వాళ్ళకి చెల్లింది. మాకెవరు వేస్తారు ఈల?”

ముసలాయన నవ్వు ఆగిపోయింది.

“రేపల్లెలో అరవై ఏళ్ళాయన్ని పెళ్ళికొడుకుని చేశాను. జనం నమ్మారు. కానీ అది స్టేజీ. లైట్లు, దూరం. నువ్వేమో పట్టపగలు పక్కనే కూర్చుంటావు. చెమట పడితే కారిపోతుందయ్యా.”

“రుమాలు పెట్టుకుంటా.”

“ఎన్నాళ్ళిలా?”

“కొన్నాళ్ళేగా చాచా. తర్వాత దీంతో పనుండదు.”

 మొహిద్దీన్ గోడ మీద భార్య జానీ బీ ఫోటో వైపు చూశాడు. ఆమె పోయి ఆరేళ్ళు. అప్పట్నించీ ఈ ఇంట్లో రేడియో మోగలేదు. లేచి, మంచం కింద నుంచి పెట్టె లాగి, దుమ్ము ఊదాడు.

“ఇలా వస్తున్నావని ఆమెకి తెలుసా?”

“తెలీదు. చూసి నవ్వినా చాలు. లేచి వెళ్ళిపోకుండా ఉంటే చాలు.”

ఆసిఫ్ అద్దంలోకి చూశాడు. ఆ ముఖమంటే అతనికి కోపం వచ్చి నెల రోజులైంది.

“అందరూ ముఖానికి పూసుకుని దొరికిపోతారు” అన్నాడు మొహిద్దీన్, రెండు డబ్బాల మూతలు తీసి వాసన చూస్తూ. “వయసు ముందు తెలిసేది జుట్టులో. కదలకు.”

ఆసిఫ్ కళ్ళు మూసుకున్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ళ ఆ కుర్రవాడి కణతల మీద, ఒత్తుగా నల్లగా నిగనిగలాడుతున్న జుట్టులో, మొహిద్దీన్ సన్నటి కుంచెతో మొదటి తెల్ల వెంట్రుకను గీశాడు.