మొక్కు లేని గుండు

లాక్‌డౌన్ సడలించి సెలూన్లు తెరిచిన మొదటి ఉదయం, క్రాపు చేయించుకొస్తానని వెళ్లిన మా ఆయన ఫణీంద్ర గుండుతో తిరిగొచ్చాడు.

గుడివాడ నుంచి మమ్మల్ని చూడ్డానికి జహీరాబాద్ వచ్చి, ఇక్కడే చిక్కుకుపోయిన అత్తయ్య అతణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. మామయ్య గుడివాడలో ఒంటరిగా ఉన్నారు.

"తిరుపతి లేదు, మొక్కు లేదు, ఈ గుండేంట్రా? మీ నాన్నకేమైనా..."

"ఛ, అదేం లేదమ్మా! ‘మల్ల ఎప్పుడు బంద్ పెడ్తరో ఏమో సార్, ఎండలు గిట్లున్నయ్, మొత్తం తీసేస్త’ అన్నాడు సెలూనతను. సరే అన్నాను."

"వెధవా, ప్రాణం పోయినంత పనైందిరా!" అత్తయ్య నవ్వేసి లోపలికి వెళ్లారు.

నాకే ఎందుకో నమ్మబుద్ధి కాలేదు. పెరట్లో అతని స్నానానికి నీళ్లు తోడుతూ ముఖంలోకి చూశాను.

"రాత్రి పోయారు," అన్నాడు గొంతు తగ్గించి. "అక్కడ మన వీధి మూసేశారట, గుండు చేసేవాళ్లెవరూ రారట. కారుకు పాసు వచ్చింది. దారిలో అమ్మకు చెబుదాం."

అంతలో లోపలి నుంచి అత్తయ్య కేక.

"అమ్మాయ్, మీ మామయ్యగారికి వీడియో కాల్ కలుపు. కొడుకు గుండు చూసి కాసేపు నవ్వుకుంటారు!"