పై వాటా ఆవిడ

పక్కింటావిడ చెప్పిందట, కార్లు రిపేరు చేసే షెడ్డు మీద కట్టబోయే వాటాలోకి ఎవరో ఆడమనిషి ఒంటరిగా దిగబోతోందని. మొగుణ్ణి ఆవిడ వదిలేసిందో, ఆవిణ్ణి మొగుడే వదిలేశాడో ఇంకా తేలలేదట. తేలేదాకా పక్కింటావిడకు ముద్ద దిగదట.

స్కేలాయన ముందు కంచం పెడుతూ భార్య ఈ కబురు చెప్పింది.

"ఎవర్ని ఎవరు వదిలితే నాకేం? నన్ను మాత్రం వదలట్లేదు" అని విసుక్కున్నాడాయన.

ఇళ్లకు ప్లాన్లు గీయడం ఆయన పని. గీత వంకర పోదు, మాట వంగదు. అందుకే జనం ఆయన్ని స్కేలాయన అంటారు. షెడ్డు మీద వాటాకి ఆయన దగ్గర తయారు ప్లానొకటి ఉంది. ఎవరొచ్చినా దాన్నే అటో గోడ, ఇటో గుమ్మం మార్చి ఇస్తాడు. రెండు దిద్దుబాట్లు దాటిన పార్టీ లేదు. ఈ పై వాటా ఆవిడతో ఇది ఏడోది.

షెడ్డు ఓనరుకు ఏ పేచీ లేదు. కింద రెండు కార్లు పట్టి, షట్టరు లేస్తే చాలు. పై వాటా పదేళ్లకు అద్దెకు మాట్లాడుకున్న ఆవిడ మాత్రం తనకు నచ్చినట్టే ఉండాలంటోంది. పొమ్మందామంటే కుదరదు. వీధి చివర ఒకమ్మాయి కంప్యూటరు పెట్టుకుని గంటలో ప్లాను చేతిలో పెడుతోంది. మేస్త్రీలందరూ అటు జారుకున్నారు. మిగిలింది ఒక్కడు. ఆవిడ మాటలు మోసుకొచ్చేదీ అతనే. శుక్రవారంలోగా ఈ ప్లాను తేలకపోతే అతనూ జారతాడు. అప్పుడిక ఈ స్కేలు వీపు గోక్కోవడానికే.

"ఇవాళేమందట?" అడిగింది భార్య.

"మెట్లు షెడ్డులోంచి వద్దట. బయటినుంచి కావాలట."

"కింద పనివాళ్ల మధ్యలోంచి ఎక్కి దిగడం ఇబ్బంది కదండీ."

"నిన్నెవరడిగారు?"

ఆమె నీళ్ల గ్లాసు దగ్గరికి జరిపింది.

మర్నాడు మేస్త్రి వచ్చి బల్ల ముందు నిలబడి తల గోక్కున్నాడు. "ఆవిడ ఒప్పుకోవట్లేదండీ."

"మళ్లీ ఏమొచ్చింది?"

"వంటింటికి కిటికీ కావాలట. పొయ్యి దగ్గర నిలబడితే వీధి కనబడాలట."

స్కేలాయన గీసిన వంటిళ్లన్నీ గోడనే చూస్తాయి, సొంతింటితో సహా. "వండుతుందా, వీధికి కాపలా కాస్తుందా?"

"ఇంకోటండీ. పడగ్గది చిన్నది చేయమంది. రెండో మంచం పట్టకూడదట."

"పట్టకూడదా?" ఆయన పెన్సిలు బల్లమీద పడేశాడు. "పట్టేలా చెయ్యమని ప్రాణం తీసేవాళ్లని చూశాను గానీ, పట్టకుండా చెయ్యమనేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా. నావల్ల కాదు. ఆ కంప్యూటరు పిల్ల దగ్గరికి పొమ్మను!"

అనేసి నాలిక్కరుచుకున్నాడు. మేస్త్రి కదల్లేదు.

"నేనూ అదే అన్నానండీ. ససేమిరా అంది. గీత మీదే ఉండాలట. ఇల్లు గీయడంలో మీ చేతికి వంక పెట్టలేమట."

"అలా అందా?"

"అక్షరం పొల్లు పోకుండా."

స్కేలాయన వంగి పెన్సిలు తీసుకున్నాడు. "మనిషి మొండిదే గానీ, కళ్లున్నాయి."

మేస్త్రికి ఎందుకో పొలమారింది.

ఆ సాయంత్రం ఆయన కాగితాలు ఇంటికే తెచ్చి హాల్లో పరిచాడు. భార్య తన కుర్చీ గోడవారకు లాక్కుంది. "రెండో మంచం పట్టకూడదట!" అన్నాడు. "ఆ మొగుడెవరో పుణ్యం చేసుకున్నాడు. బతికిపోయాడు."

ఆమె నవ్వింది. ఆమె నవ్వు విని ఎన్నాళ్లయిందో ఆయన లెక్కపెట్టలేదు.

"నవ్వులాటగా ఉందా? శుక్రవారానికి సంతకం పడకపోతే నా దుకాణం మూతే."

"ఆ కిటికీ పెట్టండి. పడుతుంది."

"పద్దెనిమిదేళ్లుగా నీదీ అదే పాట. ఆడవాళ్లందరికీ ఈ కిటికీ పిచ్చేమిటో." రబ్బరు పెట్టి గోడ చెరిపాడు. ఒక్క క్షణం ఆలోచించి, "ఇటురా. నిలబడు" అన్నాడు.

"నేనా?"

"కిటికీ అంచు ఎంత ఎత్తులో పెట్టాలో తెలియొద్దూ? కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో చూడాలి. కదలకు."

ఆమె గోడకానుకుని నిలబడింది. ఆయన టేపు నేలకు తొక్కిపట్టి, ఆమె కళ్లదాకా లాగి చూశాడు. నాలుగడుగుల పదంగుళాలు.

"అన్నీ నా కొలతకే గీస్తారా ఏమిటి?" మెల్లగా అడిగింది.

"ఎవరి కొలతైతేనేం? అంగుళం అటూ ఇటూ, అందరూ ఒకటే." ఆయన అప్పటికే వంగి అంకె రాసుకుంటున్నాడు.

తిట్టుకుంటూనే ఆ ప్లానుకి ప్రాణం పెట్టాడు. మెట్లు బయటికి తిప్పాడు. పడగ్గది రెండడుగులు కుదించి, ఆ చోటంతా కిటికీ పక్కన కూర్చోవడానికి వదిలాడు. తన చేతిలోంచి ఇంత ముచ్చటైన వాటా వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

శుక్రవారం పొద్దున మేస్త్రి కాగితం విప్పి చాలాసేపు చూశాడు.

"బావుందండీ. ఇక మార్పుల్లేవు. ఆవిడే స్వయంగా వచ్చి సంతకం పెడతానంది. దారిలో ఉంది."

"రానీ, రానీ. ఆ మహాతల్లి మొహం ఒక్కసారి చూడాలనే నాకూ ఉంది." స్కేలాయన చొక్కా సర్దుకున్నాడు. ఎదుటి కుర్చీ మీది దుమ్ము తువ్వాలుతో దులిపాడు. బయట చెప్పులు విడిచిన చప్పుడైంది.

గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది.

"నువ్వా? పార్టీ వచ్చే వేళకి ఇక్కడేం పని? ఇల్లు తాళమేసి వచ్చావా? ఏమైంది, ఎందుకొచ్చావు?"

మేస్త్రి లేచి, తలెత్తకుండా పక్కకు తప్పుకున్నాడు.

"సంతకం పెట్టడానికి."