తుపాకి లేని వేటగాడు

"ఎలుగుబంట్ల వేటకి తుపాకి లేకుండా వచ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు క్లైడ్, పడవలోకి మూటలు అందిస్తూ.

రేవు మెట్ల మీద నిలబడ్డ ముసలాయన తన సంచీ కూడా అందించాడు.

ఆయన ఆ పొద్దున్నే ఫెర్రీ దిగాడు. పేరు ఐనార్ అన్నాడు. డ్రిఫ్ట్ బేకి వెళ్తుంటే తననీ తీసుకెళ్ళమన్నాడు. వంట చేసిపెడతానన్నాడు.

"ఈ ముసలాణ్ణి మోసుకెళ్ళి ఏం చేస్తాంరా?" క్లైడ్ గొణిగాడు.

"రానీరా. నీ వంట తినే బాధ తప్పుతుంది," అన్నాడు టోబీ.

మూడోవాడు రోల్ఫ్ సరేనన్నట్టు తలూపాడు. అతని మనసు మాటల మీద లేదు.

రోల్ఫ్ అలాస్కా తీరమంతా తిరిగాడు గానీ, డ్రిఫ్ట్ బేకి వెళ్ళడం ఇదే మొదలు. అతనికి మూడేళ్ళప్పుడు తండ్రి పోయింది అక్కడే. వేటకెళ్ళి రాళ్ళ మీంచి జారిపడ్డాడని తల్లి చెప్పింది. ముప్ఫై ఏళ్ళుగా కొడుకుని అటు వెళ్ళనివ్వలేదు. ఈ మే నెలలో ఎందుకో, "వెళ్ళిరా," అంది.

రెండు రోజులు వాన. ఒక్క ఎలుగుబంటీ కనబడలేదు.

ముసలాయన తడికట్టెలతోనే పొయ్యి రాజేసి చేపల పులుసు కాచాడు. రొట్టెలు కాల్చాడు. తీరిక దొరికితే ఒడ్డున నిలబడి, అవతల దట్టంగా పెరిగిన పొదల వైపు చూసేవాడు.

"ఏం పెద్దాయనా, చూపుల్తోనే చంపేస్తావా ఏంటి?" అన్నాడు క్లైడ్.

"చంపను బాబూ," అన్నాడాయన. నవ్వలేదు.

మూడోరోజు వాన వెలిసింది. సముద్రం వెనక్కి తగ్గింది. లేతగడ్డి మేయడానికి ఎలుగుబంట్లు ఒడ్డుకి దిగే వేళ అది.

క్లైడ్ డేరా దగ్గర ఉండిపోయాడు. టోబీ కొండమూల తిరిగి అవతలి ఇసుక ఒడ్డు చూసొస్తానన్నాడు.

"వచ్చేటప్పుడు నీళ్ళ అంచునే వస్తా. నన్ను కాల్చకు," అని నవ్వుతూ వెళ్ళాడు.

రోల్ఫ్ ఒక బండ మీద బోర్లా పడుకుని తుపాకి ఆనించుకున్నాడు. ముసలాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

మూడు గంటలు గడిచాయి. పోటు మొదలై నీళ్ళు పొదల దాకా వచ్చాయి. వెలుగు పలచబడింది.

పొదల్లో ఏదో నల్లగా కదిలింది.

"అదిగో," రోల్ఫ్ గొంతు తగ్గించాడు.

"పూర్తిగా బయటికి రానీ."

"వస్తే మనల్ని చూసి పారిపోతుంది."

"పోతే పోనీ. తల కనబడాలి."

రోల్ఫ్ వినలేదు. నల్లటి వీపు వంగి, ఆకుల మధ్య నెమ్మదిగా ముందుకొస్తోంది. అంత పెద్దదాన్ని అతను ఎప్పుడూ చూడలేదు. ఊపిరి బిగబట్టాడు. వేలు బిగించాడు.

ముసలాయన చెయ్యి తుపాకి గొట్టం మీద బలంగా పడింది.

గుండు బురదలో దిగబడింది.

"ఎవర్రా కాల్చింది? పడిందా ఎలుగు?" అంటూ పొదల్లోంచి నల్ల ఉన్నికోటు దులుపుకుంటూ టోబీ లేచాడు. నీళ్ళ అంచున దారి మునిగిపోవడంతో పొదల కింద వంగి వంగి వస్తున్నాడు.

రోల్ఫ్ తుపాకి బండ మీద వదిలేశాడు.

"నా చెయ్యి తగిలి గురి తప్పింది బాబూ. ఎలుగు అటు పోయింది," అన్నాడు ముసలాయన.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర క్లైడ్ ఆయన్ని వదల్లేదు. "రెండు రోజులు వానలో నానితే, దొరక్క దొరక్క దొరికినదాన్ని ఈయన సాగనంపాడు. ఇంకోసారి వంటకి కూడా పిలవకండి."

టోబీ కూడా నవ్వాడు.

ముసలాయన గిన్నెలు కడుగుతూ ఉండిపోయాడు. రోల్ఫ్ ఆయన వైపు చూడలేకపోయాడు. నిజం చెప్పలేకపోయాడు.

రేవు చేరాక ఆయన పడవ దిగి రోల్ఫ్‌కి చెయ్యి చాచాడు. రోల్ఫ్ తాడు కడుతున్నట్టు తల వంచుకున్నాడు. కాసేపటికి ఆ చెయ్యి వెనక్కి పోయింది.

చలికాలమంతా రోల్ఫ్‌కి నిద్ర సరిగ్గా పట్టలేదు. టోబీ తన కూతుర్ని ఎత్తుకుని ఎదురైతే దారి మార్చుకునేవాడు.

మళ్ళీ మే వచ్చింది. ఫెర్రీ వచ్చినప్పుడల్లా రేవుకి వెళ్ళి నిలబడ్డాడు. నాలుగోసారి, ఫెర్రీలో టికెట్లు చూసే ఆవిడని ముసలాయన గురించి అడిగాడు.

"ఐనారా? మా వీధే. ఫిబ్రవరిలో పోయాడు," అందావిడ. "ఎవరూ లేరు పాపం. మేమే మట్టిచేశాం."

రోల్ఫ్ తిన్నగా తల్లి మార్నా దగ్గరికి వెళ్ళాడు. ఆమె బంగాళాదుంపలు చెక్కుతోంది. ఎదురుగా కూర్చుని ఏడాదిగా దాచుకున్నదంతా చెప్పాడు. నల్లకోటు, ఆ చెయ్యి, ఆయన మోసిన నింద, తను అందుకోని చెయ్యి.

"ఆయన పోయాడమ్మా. కనీసం ఒక్క మాట చెప్పలేకపోయాను. ఎవరో ఏమో కూడా తెలీదు."

మార్నా కత్తి కింద పెట్టింది.

"పోయాడా," అంది.

"నీకు తెలుసా ఆయన?"

"మీ నాన్నకి ప్రాణస్నేహితుడు. ఆ రోజు ఇద్దరే వెళ్ళారు." ఆమె తడిచేతులు తుడుచుకుంది. "మీ నాన్న రాళ్ళ మీంచి పడలేదు రోల్ఫ్. పొదల్లోంచి వస్తుంటే ఎలుగుబంటి అనుకుని ఐనార్ కాల్చాడు. పోయినేడు, 'నా కొడుకు మొదటిసారి అక్కడికి వెళ్తున్నాడు, నువ్వు పక్కన ఉండు' అని ఆయనకి ఉత్తరం రాసింది నేనే."